మా పెరటి ఈత కొలనును రెండుసార్లు పూడ్చిన అనుభవం

మా పెరట్లో ఉన్న ఈత కొలనును మేము రెండుసార్లు పూడ్చవలసి వచ్చింది. మొదటిసారి 2021 మే నెలలో ఐదు రోజుల్లో పని ముగిసింది, ఇంత తేలికగా అయిపోయిందేమిటని సంతోషించాం కూడా. రెండోసారి 2022 ఫిబ్రవరిలో మొదలుపెట్టి మార్చి నెలాఖరు దాకా చేయించాం. ఆ రెండోసారి పనిలో సగం, అంతకుముందు ఏడాది డబ్బిచ్చి పోయించిన మట్టినే మళ్ళీ డబ్బిచ్చి తవ్వించి బయట పోయించడం. విశాఖపట్నంలో సొంత ఇంటి ఆవరణలో ఈత కొలను ఉన్నవాళ్ళు తక్కువే అయినా, నాకు తెలిసిన రెండు మూడు పాత ఇళ్ళలో అవి వాడకం లేక పాచి పట్టి ఉన్నాయి. వాటిని తీసేయించాలనుకునేవారు మేము చేసిన తప్పు చేయకుండా ఉండాలని ఈ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో ఉంది. సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. ఓడల నిర్మాణంలో ఇంజనీరుగా పనిచేసిన మా మామగారు 1993లో పెరట్లో ఈ కొలను కట్టించారు. పొడవు 28 అడుగులు, వెడల్పు 14 అడుగులు, ఒక చివర లోతు మూడున్నర అడుగులైతే రెండో చివర ఆరున్నర. అడుగున ఆరంగుళాల కాంక్రీటు, చుట్టూ ఎనిమిదంగుళాల కాంక్రీటు గోడలు, పైన లేత నీలం టైల్స్. మా వారూ, మా ఆడపడుచూ, వీధిలోని పిల్లలూ అందులోనే ఈత నేర్చుకున్నారు. పెరటి మూలన ఇంకా పాత నుయ్యి కూడా ఉంది. ఆ నుయ్యి ఉండబట్టే తర్వాత మాకు చాలా విషయాలు అర్థమయ్యాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదుగా తీరం దాటినప్పుడు పెరట్లోని మామిడిచెట్టు వేళ్ళతో సహా లేచి కొలనుకు అడ్డంగా పడింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు. అప్పుడు మామగారు గేటు తెరిచి పెట్టారు. వీధి వీధంతా బకెట్లతో వచ్చి మరుగుదొడ్లకూ గిన్నెలు కడుక్కోవడానికీ ఆ నీళ్ళే తోడుకుపోయారు. ఆ కొలను అందరికీ పనికొచ్చింది అదే చివరిసారి. చెట్టు పడిన దెబ్బకు గోడ పై అంచు చిట్లి, ఆ పగులులోంచి సముద్రపు గాలిలోని ఉప్పు తేమ లోపలి ఇనుప ఊచలకు చేరింది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బిన ఊచ చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచి నెట్టి పగలగొడుతుంది. రెండేళ్ళలో గోడమీది టైల్స్ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోవడం మొదలైంది. బాగు చేయిద్దామని అంటూ ఉండగానే 2016లో మామగారు కాలం చేశారు.

అటు తరువాత కొలనులో మిగిలింది వాననీరే. నగరపాలక సంస్థ మలేరియా విభాగం వాళ్ళు వచ్చి ఆయిల్ బాల్స్ వేసేవారు, ఒకసారి గంబూసియా చేపలు వదిలారు. ఆ చేపలు దోమల పిల్లల్ని తింటాయన్నది నిజమే గాని, వేసవిలో నీరు అడుగంటి మడుగులు మడుగులుగా విడిపోయినప్పుడు చేపలు లేని మడుగులో దోమలు పెరిగేవి. 2020లో పక్కింటి చిన్నపాపకు డెంగీ వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. మా కొలను వల్లే వచ్చిందని వాళ్ళు ఒక్క మాట అనలేదు. కానీ ఆ రాత్రి మా అత్తగారు భోజనానికి కూర్చుని, "ఇంక దాన్ని ఉంచవద్దమ్మా, ఆయన ఉన్నా ఇదే మాట అనేవారు" అన్నారు. నీళ్ళున్న చోటును పూడ్చడం మంచిది కాదని నమ్మే మనిషి ఆవిడ. అందుచేత పూడ్చే ముందు పసుపు కుంకుమ వేసి కొబ్బరికాయ కొట్టాలని, పూడ్చిన చోట తులసికోట కట్టాలని మాత్రం కోరారు.

మొదటిసారి పని ఒప్పుకున్న కాంట్రాక్టరు ఇళ్ళు కూలగొట్టే పనులు చేసే మనిషి. మొత్తం 1,65,000 రూపాయలకు ఒప్పందం కుదిరింది. నేను అప్పటికి బ్యాంకు ఉద్యోగంలో ఉన్నాను, పగలు ఇంట్లో ఉండేదాన్ని కాదు. మా వారికి మోకాలి ఆపరేషను జరిగి ఎక్కువసేపు నిలబడలేని స్థితి. అడుగు కాంక్రీటు సంగతి ఏమిటని నేను అడిగిన మాట నిజం. "అది పగలగొట్టనక్కర్లేదు మేడం, పైన ఇంత మట్టి పడితే బరువుకి అదే చితికిపోతుంది" అన్నాడు. ఆరంగుళాల కాంక్రీటు మట్టి బరువుకు చితికిపోదని తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కర లేదు, నిమిషం ఆలోచిస్తే చాలు. నేను ఆ నిమిషం కూడా ఆలోచించలేదు. గోడలను నేల మట్టానికి ఒక్క అడుగు కింది వరకు కొట్టి, ఆ ముక్కలన్నీ కొలనులోకే తోసి, ఎక్కడో కూల్చిన ఇంటి శిథిలాలు నాలుగు టిప్పర్లు తెచ్చి పోసి, పైన అరడుగు ఎర్రమట్టి పరిచి, చిన్న యంత్రం బకెట్టుతో నాలుగు చరుపులు చరిచి వెళ్ళిపోయాడు. చూడడానికి నేల చక్కగా, ఎర్రగా, చదునుగా ఉంది.

జూలై వానలకే ఆ చోట అడుగు పెడితే చెప్పు దిగబడేది. కొత్త మట్టి కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాం. సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి, మరునాడు విశాఖలో కుండపోత. వాన వెలిసిన నాలుగో రోజుకు వీధిలో నీళ్ళన్నీ ఇంకిపోయినా మా పెరట్లో కొలను ఉన్న మేరకు మాత్రం నీళ్ళు నిలిచే ఉన్నాయి. సరిగ్గా 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, అంచులు గీత గీసినట్టుగా. లోతైన చివర నేల జానెడు కుంగిపోయింది. మేము ఆశగా అక్కడ నాటిన మునగ మొక్క వేరు కుళ్ళి ఒరిగిపోయింది. నేను గునపం తెచ్చి నేలలోకి గుచ్చితే రెండున్నర అడుగులు వెన్నలో దిగినట్టు దిగింది. పైకి లాగేసరికి ఆ కన్నంలోంచి నల్లటి నీరు బుడగలు బుడగలుగా పైకి వచ్చింది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

అప్పుడు మా ఆడపడుచు కొడుకుని పిలిచాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సివిల్ ఇంజనీరింగు చదివి, నేలల పరీక్షల పనిలో ఉన్నాడు. వచ్చి కొలను వైపు చూడకుండా ముందు నూతి దగ్గరకు వెళ్ళాడు. చేంతాడుకు రాయి కట్టి వదిలి, తడిసిన చోట ముడి వేసి, టేపుతో కొలిచాడు. నేల మట్టం నుంచి నీరు ఆరడుగుల లోతులో ఉంది. మే నెలలో అదే నూతిలో నీరు పదిహేడు అడుగుల కింద ఉండేది. "అత్తయ్యా, కొలను అడుగు ఆరున్నర అడుగుల లోతులో ఉంది. అంటే ఇప్పుడు కింద భూమిలో నీళ్ళు, పైన మట్టిలో నీళ్ళు, మధ్యలో ఆ కాంక్రీటు. పైనీరు కిందికి పోదు, కింది నీరు పైకి రాదు" అన్నాడు.

అతను చెప్పిన ఇంకో మాట ఖాళీ కొలను ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. కొలను ఖాళీ చేస్తే అది భూమిలో దిగేసిన పడవ లాంటిది. చుట్టూ భూగర్భజలం పైకి లేస్తే దాన్ని కిందినుంచి నెడుతుంది. మా కొలను కాంక్రీటు అంతా కలిపి లెక్క వేస్తే సుమారు 32 టన్నుల బరువు. కొలను అడుగు కంటే భూగర్భజలం మూడడుగులు పైకి లేచిందనుకుంటే, అడుగంతా ఒకే మట్టమని సుమారుగా లెక్క కట్టినా, అది పైకి నెట్టే బలం 33 టన్నులు. అంటే ఖాళీ కొలను తన బరువుతో తాను నిలవలేదు, ఒక మూల లేచిపోయి పగుళ్ళు ఇస్తుంది. అందుకే వానాకాలంలో పాత కొలనును తోడి ఖాళీ చేయడం ప్రమాదం. మేము మొదటిసారి మే నెలలో తోడించడం తెలివి వల్ల కాదు, మా అదృష్టం వల్ల. రెండోసారి ఈ కారణంగానే నూతిలో నీరు పన్నెండు అడుగుల కిందికి దిగే వరకు ఆగి, ఫిబ్రవరి మూడో వారంలో పని మొదలుపెట్టాం.

ఈసారి నేను రెండు నెలలు సెలవు పెట్టాను. పనికి వచ్చిన మేస్త్రి శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటినవాడు. తవ్వకం మొదలైన రోజున పెరట్లో ఒక మూలనున్న పూలకుండీని చూపించి, "అమ్మా, తొట్టికి కన్నం ఎట్టకుండా మట్టేసేసినారు. ఇందులో ఏ మొక్క బతుకుద్ది?" అన్నాడు. ఇంజనీరు గంటసేపు చెప్పినది అతను ఒక్క మాటలో చెప్పేశాడు.

పెరటికి వెళ్ళే పక్కదారి ఏడడుగులే కావడంతో జేసీబీ పట్టదు. వెనక సందులోని ప్రహరీని పదడుగుల మేర విప్పి దారి చేశాం. మొదటి కాంట్రాక్టరు దాన్ని తప్పించుకోవడానికే పక్కదారిలోంచి చిన్న యంత్రంతో ముగించాడని అప్పుడు తెలిసింది. నాలుగు రోజుల పాటు తవ్వి తీసినవాటిని నేను దగ్గరుండి చూశాను. బల్లంత కాంక్రీటు పలకలు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి, వాటి మధ్య మనిషి దూరేంత ఖాళీలు. పైనున్న మట్టి వాననీటితో పాటు ఆ ఖాళీల్లోకి జారిపోవడమే నేల కుంగడానికి కారణం. వాటితో పాటు ఎవరింటివో పాత తలుపు చెక్కలు, విరిగిన వాష్‌బేసిన్, సిమెంటు సంచులు, ఒక చిన్నపిల్ల స్టీలు గ్లాసు. చెక్కలు నానిపోయి చేతితో నలిపితే పిండి అవుతున్నాయి. ఆ చెక్క పూర్తిగా కుళ్ళితే అది ఉన్న మేర మళ్ళీ ఖాళీ, మళ్ళీ కుంగుబాటు. పూడ్చే మట్టిలో చెక్క, ఆకు, వేరు, సంచి ఏదీ ఉండకూడదని ఎందుకంటారో చెప్పకుండానే అర్థమైంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టినది వేరే ఉంది. కొలను లోపలి దీపాలకు వెళ్ళే కేబులును మొదటిసారి ఎవరూ తీయలేదు, మోటారు గదిలోని స్విచ్ మాత్రం ఆపి వదిలేశారు. జేసీబీ పంటికి ఆ కేబులు తగిలినప్పుడు మేస్త్రి పని ఆపించి, మీటరు దగ్గర నుంచి ఆ లైనునే వేరు చేయించాడు. అలాగే కొలనుకూ ఫిల్టరుకూ మధ్య ఉన్న నాలుగు పీవీసీ గొట్టాలు భూమిలోనే ఉండిపోయాయి. వాటిలో ఒకటి మా పునాది పక్కనుంచి వెళ్తోంది. పూడ్చిన కొలనులో నిలిచిన నీరు ఆ గొట్టం గుండా ఇంటి గోడ దగ్గరికి వస్తోంది, వంటగది గోడ కింది భాగంలో ఆ వానాకాలంలో పట్టిన చెమ్మకు మూలం అదే. గొట్టాలన్నిటినీ తవ్వి తీయించాం. తీయడానికి వీలు కాని ఒక్క ముక్కకు మాత్రం రెండు చివరలా కాంక్రీటు కూరి మూసేశారు.

తరువాత కొలను అడుగు భాగం. బ్రేకర్ బిగించిన యంత్రం ఒక రోజున్నర పాటు ఆ కాంక్రీటును కొట్టింది. ఇంట్లో అలమరలోని గాజు గ్లాసులు కిందికి దింపి పెట్టుకున్నాం. లోతైన చివర అడుగు లేవగానే దాని కింద మట్టి తగలలేదు, అరచెయ్యి పట్టేంత సందు కనబడింది. ఏళ్ళ తరబడి కారిన నీరు కింది ఇసుకను కోసుకుపోయి చేసిన ఖాళీ అది. గోడల విషయంలో మాత్రం తొందరపడకూడదని మా మేనల్లుడు ముందే గట్టిగా చెప్పాడు. కొలను గోడ లోపలి నీటిని మాత్రమే కాక బయటి మట్టిని కూడా ఆపుతుంది. లోపల ఖాళీగా ఉండగా దాన్ని పడగొడితే వెనకనున్న నేల జారుతుంది. మా కొలనుకు తూర్పు గోడ పక్కింటి ప్రహరీకి నాలుగడుగుల దూరంలోనే ఉంది. అందుచేత ఆ వైపు బ్రేకర్ పెట్టకుండా సుత్తి, ఉలి, చేతి డ్రిల్లుతో పైనుంచి నాలుగడుగుల వరకే కొట్టించి, అదీ లోపల మట్టి పైకి వస్తున్న కొద్దీ మెల్లగా, కింది భాగాన్ని అలాగే వదిలేశాం. మిగిలిన మూడు వైపులా గోడలు పూర్తిగా వచ్చేశాయి.

నేల తెరిచాక నీరు నిజంగా దిగుతుందో లేదో చూడకుండా పూడ్చవద్దన్నది నా పట్టుదల. లోతైన చివర అడుగున ఒక అడుగు చదరం, ఒక అడుగు లోతున్న చిన్న గొయ్యి తవ్వి, ముందు రోజు నీళ్ళు పోసి నాననిచ్చి, మరునాడు ఉదయం మళ్ళీ నిండా పోశాం. ఒక కర్రకు అంగుళం అంగుళానికీ సుద్దముక్కతో గీతలు పెట్టి గోతిలో నిలబెట్టి, గడియారం పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. గంటలో పదంగుళాలు దిగింది. మాది ఇసుక కలిసిన ఎర్రనేల. ఇన్నేళ్ళూ నీటిని తాగడానికి సిద్ధంగా ఉన్న నేలకూ వానకూ మధ్య మేమే ఒక మూత పెట్టి ఉంచాం. మా అత్తగారు కూడా చేతికర్ర పట్టుకుని వచ్చి, ఆ తగ్గుతున్న నీటిని చాలాసేపు చూశారు.

శిథిలాల గురించి రెండు మాటలు. అప్పుడు అమలులో ఉన్న 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇలాంటి వ్యర్థాన్ని వేరు చేసి, తన ఆవరణలోనే ఉంచి, స్థానిక సంస్థ చెప్పిన చోటికి చేర్చే బాధ్యత దాన్ని పుట్టించిన వ్యక్తిది. రోజుకు 20 టన్నులు గాని, ఒక పనికి నెలలో 300 టన్నులు గాని దాటితే ముందుగా ప్రణాళిక ఇచ్చి అనుమతి తీసుకోవలసి ఉండేది. మాది ఆ పరిమితి లోపే అయినా, గెడ్డల్లోనూ, అంటే వాననీటి వాగుల్లోనూ, సముద్రపు ఒడ్డునా రాత్రిళ్ళు పోసేసే టిప్పర్లను చూసి చూసి ఉన్నందున, నగరపాలక సంస్థ వారితో మాట్లాడి వారు చెప్పిన చోటికే పంపాము. ఇనుప ఊచలు పాత సామాను కొట్టుకు వెళ్ళాయి. శుభ్రమైన కాంక్రీటులో కొంత భాగాన్ని కొబ్బరిచిప్ప కంటే పెద్దవి కాకుండా కొట్టించి, అడుగున ఒక అడుగు మందాన పరిచి, సందుల్లో ఇసుక నింపాం. అది నీరు దిగడానికి దారిలా పనిచేస్తుంది. దానిమీద జియోటెక్స్‌టైల్ అనే దళసరి గుడ్డ పరిచాం. నీరు అందులోంచి పోతుంది గాని పై మట్టి రేణువులు రాళ్ళ సందుల్లోకి జారిపోవు.

ఇక పూడ్చడానికి వాడిన గ్రావెల్, అంటే చిన్న రాళ్ళు కలిసిన మట్టి. మన దగ్గర దాన్ని యూనిట్ల లెక్కన, అంటే వంద ఘనపుటడుగుల చొప్పున కొంటాం. పైన ఒకటిన్నర అడుగు మొక్కల మట్టికీ, కింద ఒక అడుగు రాళ్ళకూ పోగా మిగిలిన లోతును లెక్క వేసి, అణచినప్పుడు తగ్గే పాతిక శాతం కలుపుకుని తెప్పించాం. తెచ్చేవాడిని గనుల శాఖ రవాణా పర్మిట్ చూపమని ప్రతి టిప్పరుకూ అడిగాను. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు దేశం గుర్తించిన భౌగోళిక వారసత్వ ప్రదేశం, ఊరి చుట్టూ కొండలు ఒక్కొక్కటిగా కరిగిపోతున్నాయి. మా పెరటి గొయ్యి పూడడం కోసం మరో చోట గొయ్యి పడడం నాకు ఇష్టం లేదు. ఒక లారీ కాగితం లేకుండా వస్తే వెనక్కి పంపేశాను, దానివల్ల ఒక రోజు పని ఆగింది.

గ్రావెల్‌ను తొమ్మిది అంగుళాల పొరగా పరచాలి, తడపాలి, అణచాలి, అప్పుడు మరో పొర. లోతైన చివర ఏడు పొరలు పట్టాయి, లోతు తక్కువ చివర రెండు. ఎంత తడపాలన్నది మేస్త్రి పిడికిలితో చూసేవాడు. మట్టి పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి అరచెయ్యి తెరిస్తే ముద్దగా నిలవాలి, బొటనవేలితో నొక్కితే రెండు ముక్కలుగా విరగాలి. చేతికి అంటుకుంటే నీరెక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ. నాలుగో రోజుకు నాకూ ఆ చెయ్యి వచ్చింది. పెద్ద మేర ప్లేట్ కాంపాక్టర్‌తో, గోడ పక్కన యంత్రం చేరని మూలల్లో దిమ్మిసతో కొట్టారు.

మూడో పొర మీద మా మేనల్లుడు పరీక్ష చేశాడు. గ్రావెల్‌లో రాళ్ళుంటాయి గనుక అచ్చు గొట్టం దించి నమూనా తీసే పద్ధతి పనికిరాదట. చిన్న గొయ్యి జాగ్రత్తగా తవ్వి, అందులోంచి వచ్చిన మట్టిని ఒక్క రేణువు పోకుండా తూచి, ఆ గోతిలోకి ఒక డబ్బాలోంచి పొడి ఇసుకను వదులుతారు. ఎంత ఇసుక పట్టిందో తెలిస్తే గొయ్యి ఎంత పెద్దదో తెలుస్తుంది, దాంతో మట్టి ఎంత గట్టిగా ఉందో తేలుతుంది. ప్రయోగశాలలో ఆ మట్టికి వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం రావాలి. మాకు 91 వచ్చింది. చూడడానికి రాయిలా ఉన్న నేల అది, మనిషి కాలికి ఆ తేడా తెలియదు. మేస్త్రి ఏమీ బాధపడలేదు. ముందు రోజు ఎండకు నీరు ఆవిరైపోయిందని చెప్పి, ఆ పొరను గీరించి, మళ్ళీ తడిపించి, మరో నాలుగు సార్లు యంత్రం తిప్పించాడు. రెండోసారి 96 వచ్చింది. పూడ్చడం ఒక్కటీ పదకొండు రోజులు పట్టింది. రెండోసారి పని మొత్తానికి 4,10,000 రూపాయలు అయింది, మొదటిసారి పోయిన డబ్బు అదనం. ఆ మొదటి మనిషిని పిలిచి మాట్లాడాం. ఒప్పందం కాగితంలో అడుగు పగలగొట్టాలని ఎక్కడా రాసి లేదు కాబట్టి మేము చేయగలిగింది లేకపోయింది. అడుగును పూర్తిగా తీయడం, గోడలు ఎంత లోతు వరకు తీయాలో, గొట్టాలు, కేబుళ్ళు తీయడం, పూడ్చే మట్టి ఏదో, పొర మందం ఎంతో, పరీక్షలో ఎంత శాతం రావాలో కాగితం మీద ఉండాలి. రెండోసారి ఇవన్నీ రాసుకున్నాం.

పై ఒకటిన్నర అడుగు మట్టిని అణచలేదు, అది వేర్ల కోసం. మొదటిసారి పోసిన ఎర్రమట్టిని వాడుకుందామని నమూనా పరీక్ష చేయిస్తే ఉదజని సూచిక (పీహెచ్) 8.6 వచ్చింది, అంటే క్షారగుణం ఎక్కువ, సిమెంటు పొడి, సున్నం కలవడమే దానికి కారణం. దాన్ని వదిలేసి 6.8 ఉన్న కొత్త ఎర్రమట్టి తెప్పించి, మాగిన పశువుల ఎరువు కలిపాం. వెంటనే పచ్చిక పరిచేయాలని మా వారికి ఉండేది. నేను పుట్టింది పొలాలున్న ఇంట్లో. కొత్త మట్టిలో ముందు పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ వేయాలని నాకు నాన్న నేర్పిన పద్ధతి. జూన్ తొలి వానకు జీలుగ చల్లాం. నెలన్నరకు నడుం ఎత్తు పెరిగి పూతకు రాబోతుండగా కోసి అక్కడే మట్టిలో కలియదున్నించాం. ఆ కుళ్ళు వాసన ఒక వారం ఉంది, కానీ అది మునుపటి నల్లనీటి వాసన కాదు. ఆగస్టులో మట్టి చేత్తో తీస్తే వానపాములు కనబడ్డాయి. అప్పుడు గరిక నాటించాం. పెద్ద చెట్లు మాత్రం పూడ్చిన మేరలో వేయలేదు. ఉప్పుగాలికి తట్టుకునే పొన్న మొక్కను పాత నేలలో, పడిపోయిన మామిడి ఉన్న చోట నాటాం.

తులసికోట గురించి మా అత్తగారు నెలకోసారి అడుగుతూనే ఉన్నారు. బరువైన కట్టడం పెట్టే ముందు రెండు వానాకాలాలు చూడాలని మా మేనల్లుడు చెప్పినందున, ఆ మేర నాలుగు మూలలా, మధ్యన ఇనుప మేకులు దిగ్గొట్టి, ప్రహరీ మీద పెట్టిన గుర్తు నుంచి దారం లాగి, రెండు వానాకాలాల పాటు ప్రతి నెల మొదటి ఆదివారం మట్టం కొలిచి పుస్తకంలో రాశాను. మొదటి వానాకాలంలో లోతైన చివర ముప్పావు అంగుళం దిగింది. రెండో వానాకాలంలో మార్పేమీ కనబడలేదు. భారీ వాన పడిన మర్నాడు నూతిలో నీరు ఎప్పటిలాగే పైకి వచ్చింది, పెరట్లో మాత్రం ఎక్కడా నిలవలేదు. 2023 కార్తీకంలో అదే మేస్త్రి వచ్చి కోట కట్టాడు. గట్టు మీద రసమట్టం పెట్టి, నన్ను పిలిచి చూపించాడు. బుడగ రెండు గీతల మధ్య నిలిచి ఉంది. మా అత్తగారు కాస్త దూరంలో గరిక మీద కూర్చుని, నానబెట్టిన వత్తులను పళ్ళెంలో సర్దుకుంటున్నారు.